చిల్కాలో స్టెర్న్‌డ్రైవ్ బోటు: గేర్ ఆయిల్ టీ రంగులోకి మారింది, తిప్పితే గురగుర చప్పుడు, గేర్‌బాక్స్ మొత్తం విప్పించాలా?

రంభ ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది బరంపురం, బోటు ఉండేది మాత్రం రంభలో, మా బావగారి ఇంటి వెనక రేవులో. రెండేళ్ల కిందట గోవా వైపు నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పంతొమ్మిది అడుగుల ఫైబర్ బోటు, లోపల మెర్‌క్రూజర్ 4.3 లీటర్ల వీ6 పెట్రోల్ ఇంజన్, వెనక ఆల్ఫా వన్ జెన్ టూ డ్రైవ్. ఇక్కడ చూస్తే పొడుగు షాఫ్టు డీజిల్ పడవలు, లేదంటే అవుట్‌బోర్డులు. ఇంజన్ లోపల, గేర్లు బయట ఉండే ఈ స్టెర్న్‌డ్రైవ్ సంగతి తెలిసినవాళ్లు చుట్టుపక్కల ఎవరూ దొరకడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

సమస్యలు ఇవి. మొదటిది గేర్ ఆయిల్. పోయిన నెల కింది స్క్రూ విప్పి చూస్తే పాలు ఎక్కువ పోసిన టీ లాగా వచ్చింది. మార్చి కొత్తది పోయించాం, పది పన్నెండు ట్రిప్పులకి మళ్లీ అదే రంగు. రెండోది చప్పుడు. నేరుగా వెళ్లేటప్పుడు అంతగా తెలియదు కానీ స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి కోస్తే వెనక నుంచి గురగురమని వస్తుంది, కాళ్ల కింద ఫ్లోరు కూడా అదురుతుంది. మూడోది వేడి. ఐడిల్‌లో బాగానే ఉంటుంది, 3000 ఆర్పీఎం దాటితే ముల్లు మెల్లగా పైకి పాకుతుంది, స్లో చేస్తే దిగిపోతుంది.

విశాఖ నుంచి ఒక మెకానిక్‌ని పిలిపించాం. ఆయన ఆయిల్ చూడగానే గేర్లు పోయాయి, డ్రైవ్ మొత్తం విప్పి లోపల సామాను అంతా మార్చాలి, లక్షన్నర పైన అవుతుంది అన్నారు. ఇంకేమీ తీసి చూడలేదు. సీజన్ మొదలవబోతోంది, శీతాకాలంలో పక్షులు వచ్చాయంటే టూరిస్టులు వస్తారు, ఆ నాలుగు నెలలే మాకు సంపాదన. డబ్బు పెట్టడానికి సిద్ధమే కానీ అసలు అవసరమా కాదా అన్నది తెలియక టెన్షన్‌గా ఉంది.

ఇంకో చిన్న విషయం, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు: రాత్రిపూట రేవులో కట్టేసి ఉంచినప్పుడు బిల్జ్ పంపు (బోటు అడుగున చేరే నీళ్లు తోడేది) ఈ మధ్య ఎక్కువసార్లు ఆన్ అవుతోందని కాపలా కుర్రాడు చెబుతున్నాడు. వర్షాలు కదా, ఆ నీళ్లే అయి ఉంటాయని పట్టించుకోలేదు.

గోపాల్‌పూర్ బీచ్:

అన్నా, వేడి సంగతి ఒక్కటే చెప్పగలను. ఐడిల్‌లో చల్లగా ఉండి స్పీడులో వేడెక్కుతోందంటే నీళ్లు చాలినంత అందడం లేదని అర్థం. ముందు ఇంపెల్లర్, అంటే నీళ్లు తోడే పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం, మార్చించు. ఆల్ఫాలో అది డ్రైవ్‌లోనే ఉంటుంది, పై భాగానికీ కింది భాగానికీ మధ్య, కింది సగం దించితే కనిపిస్తుంది. చిల్కాలో బురద నీళ్లు తాగి తాగి రబ్బరు రెక్కలు అరిగిపోతాయి. రెక్కలు లెక్కపెట్టు. ఒకటి తక్కువైనా ఆ ముక్క పైన ఎక్కడో గొట్టంలో ఇరుక్కుని ఉంటుంది, అది వెతికి తీయకుండా కొత్త ఇంపెల్లర్ వేస్తే లాభం లేదు. గేర్ ఆయిల్ గురించి నాకు అంత తెలియదు, పెద్దవాళ్లు చెబుతారు.

రంభ ఒడ్డు:

థాంక్స్ తమ్ముడూ. ఇంపెల్లర్ ఆరు నెలల కిందటే మార్చాం, పాతదాంట్లో రెక్కలన్నీ ఉన్నాయి, కొంచెం వంగి గట్టిపడ్డాయంతే. అయినా మళ్లీ చూస్తాను. ఇంకెవరైనా గేర్ ఆయిల్ గురించి చెబుతారా?

ఇచ్ఛాపురం పాత మెకానిక్:

బాబూ, నువ్వు ఆఖర్న చిన్న విషయం అని రాసింది చదివాక మిగతావన్నీ పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ముందు ఆ బోటుని నీళ్లలోంచి బయటికి లాగించు. ఇవాళే. ట్రాక్టరు దొరక్కపోతే పదిమందిని పిలిచి ఒడ్డు మీదికి లాగండి, అదీ కుదరకపోతే రాత్రి మనిషిని బోటులోనే పడుకోబెట్టు, బ్యాటరీ ఛార్జరు పెట్టించు. ఆయిల్ ఒక వారం ఆగుతుంది, ఆ నీళ్లు ఆగవు.

ఎందుకో చెబుతాను. స్టెర్న్‌డ్రైవ్ బోటుకి వెనక చెక్కలో, ట్రాన్సమ్ అంటాం దాన్ని, పెద్ద రంధ్రం కోసి ఉంటుంది. ఇంజన్ నుంచి డ్రైవ్‌లోకి వెళ్లే షాఫ్టు ఆ రంధ్రంలోంచే పోతుంది. ఆ రంధ్రం నీటిమట్టం కంటే కిందే ఉంటుంది. అందులోంచి సరస్సు లోపలికి రాకుండా ఆపేది హార్మోనియం మడతల్లా ఉండే ఒక్క రబ్బరు గొట్టం. దాన్నే బెల్లోస్ అంటారు. నువ్వు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా, డ్రైవ్ ఎత్తినప్పుడల్లా ఆ మడతలు సాగుతాయి, ముడుచుకుంటాయి. ఏళ్లు గడిస్తే మడత లోపల సన్నగా చీరుతుంది. పైకి చూస్తే ఏమీ కనబడదు. పక్కనే గేరు కేబుల్‌కి ఇంకో చిన్న బెల్లోస్ ఉంటుంది, అది చిరిగినా నీళ్లు బోటులోకే వస్తాయి. బ్యాటరీలో కరెంటు ఉన్నంతసేపు పంపు తోడుతుంది. పొద్దున నాలుగింటికి బ్యాటరీ అయిపోతే ఆరింటికి మీ బావగారు లేచి చూసేసరికి ముక్కు ఒక్కటే పైకి కనబడుతుంది. రేవులో కట్టేసి ఉన్న పడవలు అలా మునగడం నా కళ్లతో చూశాను, బాగు చేయించే అవకాశం లేకుండా ఇంజనులు పోయాయి.

వాన నీళ్లా, సరస్సు నీళ్లా అన్నది తేల్చుకోవడం సులువు. బిల్జ్‌లో నీళ్లు వేలితో తీసి నాలుక మీద పెట్టి చూడు, పెట్రోలు వాసన లేకపోతేనే సుమా. మీ రంభ వైపు నీళ్లు ఉప్పగానే ఉంటాయి, ఉత్తరాన దయ, భార్గవి నదులు కలిసే వైపు లాగా వానాకాలంలో తియ్యబడిపోవు. తర్వాత ఇంజన్ మూత ఎత్తి, ఇంజన్ వెనక, ట్రాన్సమ్‌కి ఆనుకుని టార్చి వేసి చూడు. షాఫ్టు చుట్టూ గోడల మీద తుప్పు రంగు గ్రీజు గుండ్రంగా చిమ్మినట్టు మరకలు ఉంటే ఇంక అనుమానం లేదు. బెల్లోస్‌లోకి నీళ్లు చేరాయి, అవి గింబల్ బేరింగ్ గుండా లోపలికి వస్తున్నాయి, తిరిగే షాఫ్టు వాటిని గోడల మీదికి విసురుతోంది.

నీ రెండో సమస్య కూడా ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం. గింబల్ బేరింగ్ అనేది ఆ షాఫ్టుని మోసే బేరింగ్, ఉప్పునీళ్లు తాగితే తుప్పు పట్టి గురగురమంటుంది. దాని వెనకే రెండు యూ జాయింట్లు ఉంటాయి, లారీ షాఫ్టుకి ఉండే క్రాస్‌ల లాంటివే. చప్పుడు ఎప్పుడూ ఉండి ఆర్పీఎంతో పాటు పెరిగితే బేరింగ్, నేరుగా వెళ్తే తగ్గి తిప్పితే మాత్రమే టకటకమని పెరిగితే క్రాస్‌లు. నీ విషయంలో రెండూ అయి ఉండొచ్చు. ఒకటి అడుగుతాను, నిజం చెప్పు: మీ డ్రైవరు లోతు తక్కువ ఉన్నచోట డ్రైవ్ బాగా పైకి ఎత్తి, గేరులో ఉంచి, యాక్సిలరేటరు ఇచ్చి బురద మీంచి దాటిస్తాడా? చిల్కాలో చాలామంది అలా చేస్తారు, అవుట్‌బోర్డు అలవాటుతో. అవుట్‌బోర్డు తట్టుకుంటుంది, దీని క్రాస్‌లు తట్టుకోవు. ఎత్తినకొద్దీ క్రాస్‌ల కోణం పెరుగుతుంది, ఆ కోణంలో బరువు పడితే సూది రోలర్లు నలిగిపోతాయి. పైగా నీళ్లు పీల్చే రంధ్రాలు నీటి పైకి వచ్చేస్తాయి, ఇంపెల్లర్ నీళ్లు లేకుండా పొడిగా తిరిగి కాలిపోతుంది.

ఇప్పుడు గేర్ ఆయిల్. ఇది వేరే నీళ్లు, వేరే దారి. బెల్లోస్ చిరిగితే నీళ్లు బోటులోకి వస్తాయి కానీ గేర్‌బాక్స్‌లోకి రావాలంటే సీలు పోవాలి. చిల్కాలో నేను ముందు చూసేది ఒక్కటే, పంకా (ప్రొపెల్లర్) వెనక. మీరు ఘేరీల, అంటే రొయ్యల కోసం వలలతో కట్టిన మడుల, పక్క నుంచి, వెదురు కర్రలకి కట్టిన వలల మధ్య నుంచి వెళ్తారు కదా. తెగిన నైలాన్ దారం పంకాకి చుట్టుకుంటుంది, బయటికి కనబడేది కోసేసి అయిపోయింది అనుకుంటారు. కానీ సన్న దారం లోపలికి, పంకాకీ గేర్‌కేస్‌కీ మధ్యకి పాకి, షాఫ్టు మీద బిగుసుకుని, రాపిడికి కరిగి రింగులా అయిపోయి సీలు పెదవిని కోసేస్తుంది. అక్కడి నుంచి నీళ్లు లోపలికి. పంకా నట్టు విప్పి, పంకా తీసి, దాని వెనకున్న థ్రస్ట్ వాషర్ కూడా తీసి, గోటితో గీకి చూడు.

గేర్లు పోయాయా లేదా అన్నది కూడా నువ్వే చూసుకోవచ్చు. బోటు ఒక రాత్రంతా కదపకుండా, డ్రైవ్ నిటారుగా దించి ఉంచు. పొద్దున్నే కింది స్క్రూ పూర్తిగా తీయకుండా ఒక చుట్టు వదులు చెయ్యి. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరి ముందు అవే వస్తాయి, తర్వాత ఆయిల్. ఎన్ని నీళ్లు వచ్చాయో ఒక గ్లాసులో పట్టు. తర్వాత స్క్రూకి ఉన్న అయస్కాంతం చూడు. నల్లటి మెత్తటి పేస్టు ఉంటే అది మామూలు అరుగుదల, భయపడక్కర్లేదు. వేళ్ల మధ్య పెట్టి రుద్దితే గరుకుగా తగిలే ముక్కలు, మెరిసే రేకులు ఉంటే అప్పుడు మాత్రం విప్పాల్సిందే. ఆ మెకానిక్ ఇది చూడకుండా లక్షన్నర చెప్పాడంటే నాకు బాధగా ఉంది.

ఆయిల్ ఖాళీ చేశాక ప్రెషర్ టెస్ట్ చేయించు. ఆయిల్ రంధ్రంలో గేజీ బిగించి చేతిపంపుతో గాలి కొట్టాలి. ముందు 3 నుంచి 5 పీఎస్‌ఐ దగ్గర ఆపి చూడాలి, ఎందుకంటే కొన్ని సీళ్లు తక్కువ ప్రెషర్‌లో కారతాయి, ఎక్కువైతే పెదవి షాఫ్టుకి నొక్కుకుని మూసుకుపోతాయి. ఆ తర్వాత మెల్లగా 15 దాకా. షాఫ్టు తిప్పుతూ, గేరు కేబుల్ కదుపుతూ సబ్బునీళ్లు పోసి బుడగలు ఎక్కడ వస్తే అక్కడ సీలు పోయినట్టు. ఇంకో మాట, ఆయిల్ స్క్రూల కింద చిన్న వాషర్లు ఉంటాయి, పాతవే మళ్లీ బిగిస్తే అక్కడి నుంచే నీళ్లు రావచ్చు. పోయిన నెల ఆయిల్ మార్చినప్పుడు వాషర్లు మార్చారా?

వేడి గురించి గోపాల్‌పూర్ తమ్ముడు చెప్పింది సరైనదే కానీ ఇంపెల్లర్ బాగుందంటే ఇంకో చోటు చూడాలి. ఈ ఇంజన్‌కి పంపు నుంచి వచ్చే నీళ్లు ముందు పవర్ స్టీరింగ్ కూలర్ గుండా పోతాయి, ఇంజన్ వెనక భాగంలో ఉండే చిన్న రాగి గొట్టం అది. లోపల సన్న గొట్టాలు ఉంటాయి కాబట్టి నీటిగడ్డి మొత్తం దాని మూతి దగ్గరే పోగవుతుంది. నీళ్లు వచ్చే వైపు పైపు విప్పి వేలు పెట్టి చూడు.

బలిమెల జలాశయం:

అన్నా, నేను మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ నుంచి. మాది మంచినీరు, మీది ఉప్పునీరు, అయినా ఒక విషయంలో నేను పడ్డ అవస్థ మీకు రాకూడదని రాస్తున్నాను. పెద్దాయన చెప్పినట్టు నాకూ గింబల్ బేరింగ్ పోయింది. బేరింగ్ మార్పించాను, ఆరు నెలలకే మళ్లీ పోయింది. రెండోసారి విప్పినప్పుడు తెలిసింది, మొదటిసారి చేసినవాళ్లు అలైన్‌మెంట్ చూడలేదు. ఇంజన్ ముందు కాళ్ల కింద రబ్బరు కుంగి ఇంజన్ కొంచెం కిందికి వాలి ఉంది, షాఫ్టు బేరింగ్‌లోకి వంకరగా వెళ్తోంది.

దీనికి ఒక పొడుగాటి ఇనుప కడ్డీ ఉంటుంది, అలైన్‌మెంట్ బార్ అంటారు. డ్రైవ్ తీసేశాక దాని చివర గ్రీజు రాసి, బేరింగ్‌లోంచి ఇంజన్ కప్లర్‌లోకి తోయాలి. రెండు వేళ్లతో తోస్తే నూనెలో జారినట్టు వెళ్లాలి. సుత్తి పట్టుకోవాల్సి వచ్చిందంటే అలైన్‌మెంట్ లేనట్టే. బయటికి తీసి గ్రీజు మీద పళ్ల అచ్చులు చూడాలి, చుట్టూ ఒకేలా పడితే సరి, పైనే లేదా కిందే లోతుగా పడితే ఇంజన్ ముందు మౌంట్ నట్లు తిప్పి పైకో కిందికో జరపాలి. కొత్త బేరింగ్ దాని గూటిలో అటూ ఇటూ వాలగలదు, కాబట్టి ముందు దాన్ని కడ్డీతోనే నెమ్మదిగా తట్టి నిటారుగా చేసుకోవాలి. మా దగ్గర ఈ కడ్డీ లేదు, ఒక లేత్ షాపులో కొలతలిచ్చి చేయించాను.

ఇంకోటి. మీ డ్రైవ్ మీద ఉండే తెల్లటి లోహపు దిమ్మలు, యానోడ్లు, అవి ఏవి వేశారో చూసుకోండి. మాలాంటి మంచినీళ్లకి మెగ్నీషియం వేస్తాం. అవి మీ చిల్కాలో వేస్తే త్వరగా తినేసుకుపోతాయి. ఉప్పూ తీపీ కలిసే నీటికి అల్యూమినియం మంచిది. ఏది వేసినా దాని మీద రంగు మాత్రం వేయకూడదు, రంగు వేస్తే అది పనిచేయదు, దాని బదులు మీ డ్రైవ్ కరుగుతుంది. అడుగు భాగానికి వేసే రాగి కలిసిన పెయింటు కూడా డ్రైవ్‌కి తగలనివ్వొద్దు.

రంభ ఒడ్డు:

పెద్దాయనకి పాదాభివందనం. మీరు రాసిన సాయంత్రమే బోటు బయటికి లాగించాం. ట్రైలరు మీదికి ఎక్కించాక డ్రైవ్ మొత్తం పైకి ఎత్తి, కింద పడుకుని టార్చితో బెల్లోస్ చూశాను. మొదట ఏమీ కనబడలేదు. వేలితో ఒక్కో మడతనీ విడదీస్తూ వెళ్తే కింది వైపు మూడో మడతలో నా చిటికెన వేలి గోరు దూరేంత చీలిక ఉంది. మడతల సందుల్లో తెల్ల గుల్లలు అంటుకుని ఉన్నాయి, బ్లేడులా పదునుగా. డ్రైవ్ ఎత్తిన ప్రతిసారీ అవే రబ్బరుని కోసుంటాయి. వేలితో ఆ మడతని నొక్కితే తుప్పు రంగు నీళ్లు మోచేతి దాకా కారాయి. ఇంజన్ వెనక మీరు చెప్పిన మరకలు గుండ్రంగా అచ్చు అలాగే ఉన్నాయి. బిల్జ్ నీళ్లు ఉప్పగా ఉన్నాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు వారాలుగా ఆ బోటులో చిన్నపిల్లల్ని ఎక్కించుకుని బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ దాకా తీసుకెళ్లి వస్తున్నాం.

పంకా విప్పితే అది కూడా మీరు చెప్పినట్టే. థ్రస్ట్ వాషర్ వెనక ఆకుపచ్చ నైలాన్ దారం, కరిగి గట్టిపడి గాజు ఉంగరంలా అయిపోయింది. కటింగ్ ప్లయరుతో ముక్కలుగా విరగ్గొట్టి తీశాం. అడుగున సీలు పెదవి ఒక పక్క పూర్తిగా లేదు. పొద్దున స్క్రూ వదులు చేస్తే టీ గ్లాసులో సగం దాకా నీళ్లే వచ్చాయి, తర్వాత ఆయిల్. అయస్కాంతం మీద మెత్తటి పేస్టే, రేకులు లేవు. స్క్రూల వాషర్లు మాత్రం పాతవే వేశారు, నలిగి పల్చగా అయిపోయాయి.

స్టీరింగ్ కూలర్ పైపు విప్పితే లోపల పిడికెడు నీటిగడ్డి, దాంతో పాటు రెండు చిన్న రొయ్యలు, ఎండిపోయి ఉన్నాయి. అది తీసేసి, నీళ్ల పైపు పెట్టి ఇంజన్ ఆన్ చేస్తే వెనక నుంచి వచ్చే నీళ్ల ధార రెండింతలైంది.

డ్రైవర్ని అడిగాను. అవును, కాళీజాయి వైపు లోతు తక్కువ ఉన్నచోట ఎత్తి లాగిస్తాను అన్నాడు. అతని తప్పు కాదు, మేమెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు అడగాల్సినవి: బెల్లోస్, బేరింగ్ మా బరంపురంలో లారీలకి పనిచేసే మంచి మెకానిక్ చేయగలడా? క్రాస్‌లు ఇక్కడి లారీ సామాన్ల షాపులో దొరికేవి వేయొచ్చా? ఇంజన్‌కి సెల్ఫ్ మోటారు కూడా కొంచెం బలహీనంగా ఉంది, కారుదే దీనికి సరిపోతుంది, ధర నాలుగో వంతు అంటున్నారు.

ఇచ్ఛాపురం పాత మెకానిక్:

బోటు బయట ఉందని చదివి ఊపిరి పీల్చుకున్నాను బాబూ.

ముందు ఆఖరి ప్రశ్నకి. కారు సెల్ఫ్ మోటారు వద్దు, ఎంత చౌకైనా వద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, బోటులో కిందికి దిగి బిల్జ్‌లో పేరుకుంటుంది, కారులో లాగా రోడ్డు మీద గాలికి కొట్టుకుపోదు. బోటు సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటరు, కార్బురేటరు బయటికి నిప్పురవ్వ గానీ ఆవిరి గానీ రాకుండా తయారవుతాయి. కారు మోటారు లోపల ఎగిరే రవ్వకి ఆ అడ్డు లేదు. స్టార్ట్ చేసే ముందు నాలుగైదు నిమిషాలు బ్లోయరు, అంటే బిల్జ్‌లో ఆవిరిని బయటికి లాగే ఫ్యాను, తిప్పుతారు కదా? తిప్పకపోతే ఇవాళ్టి నుంచి అలవాటు చేయండి, మూత ఎత్తి వాసన కూడా చూడమను.

లారీ మెకానిక్ మంచి చెయ్యి అయితే చేయగలడు. డ్రైవ్ ఆరు నట్ల మీద ఉంటుంది. విప్పే ముందు గేరు ముందుకి, ఫార్వర్డ్‌లో పెట్టాలి, మళ్లీ బిగించేటప్పుడూ అలాగే, ఆల్ఫాకి ఇది మర్చిపోతే గేరు కేబుల్ దగ్గర విరుగుతుంది. డ్రైవ్ బరువు, ఇద్దరు పట్టుకోండి లేదా చైన్ పుల్లీ కట్టండి. బెల్లోస్ వెనక ఉన్న బెల్ హౌసింగ్ తీయాలంటే హింజ్ పిన్నులకి ఒక ప్రత్యేకమైన హెక్స్ టూల్ కావాలి, అది లేకుండా అలెన్ కీతో మొదలుపెడితే తల చెక్కుకుపోతుంది. పాత బేరింగ్ లాగడానికి స్లైడ్ హ్యామర్. ఈ రెండూ, బలిమెల తమ్ముడు చెప్పిన అలైన్‌మెంట్ బార్, మూడూ చేతికి వచ్చాకే విప్పండి. అలైన్‌మెంట్ సంగతి ఆయన నాకంటే బాగా చెప్పాడు, అక్షరం మార్చక్కర్లేదు.

విప్పిన తర్వాత పెద్ద బెల్లోస్ ఒక్కటే మార్చి సరిపెట్టొద్దు. గేరు కేబుల్ బెల్లోస్, పొగ పోయే బెల్లోస్, నీళ్ల గొట్టం, కేబుల్ కూడా అరిగి ఉంటే అదీ, అన్నీ ఒకేసారి. విడివిడిగా చూస్తే సామాను తక్కువ, విప్పే శ్రమే ఎక్కువ. రబ్బరు అంటించే చోట పాత జిగురు పూర్తిగా గీకి, లోహం మెరిసేదాకా శుభ్రం చేసి కొత్త జిగురు పూసి, అది వేలికి అంటీ అంటనట్టు అయ్యాకే తొడగండి. ఉప్పునీళ్లలో మూడేళ్లు దాటిన బెల్లోస్‌ని నేను నమ్మను, చూడటానికి ఎంత బాగున్నా సరే.

క్రాస్‌లు చేతితో వంచి చూడు. నాలుగు వైపులా ఒకేలా జారాలి. మధ్యలో ఎక్కడైనా గాడిలో పడ్డట్టు ఆగితే మార్చు. లారీ షాపులో కొలతకి సరిపోయేది దొరకొచ్చు కానీ నేనైతే దీనికి చేసినవే వేస్తాను, ఆ చోట అది తెగితే లోపలి నుంచి బెల్లోస్‌ని చీల్చేస్తుంది.

గేర్‌కేస్‌కి సీలు మార్చేటప్పుడు లోపల పెద్ద రింగు నట్టు ఉప్పుకి పట్టేసి ఉంటుంది. ఉలి పెట్టి కొట్టొద్దు, వేడి చేసి మెల్లగా. రెండు సీళ్లూ, ఓ రింగూ మార్చండి. షాఫ్టు మీద సీలు ఆనే చోట గోటికి తగిలే గాడి ఉంటే కొత్త సీలు కూడా నిలవదు, అది చూసుకోండి. ప్రెషర్ పరీక్ష పాసైతేనే ఆయిల్ పోయండి. ఆయిల్ పైనుంచి పోయకూడదు, కింది రంధ్రంలోంచి పంపుతో ఎక్కించాలి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా పొంగాక ముందు పైది బిగించి, తర్వాత పంపు తీసి కిందిది. బోటు లోపల ఇంజన్ దగ్గర ఉండే గేర్ ఆయిల్ సీసాతో కలిపి దాదాపు రెండు లీటర్లు పడుతుంది. మొదటి రెండు ట్రిప్పుల తర్వాత సీసాలో మట్టం చూసి, తగ్గితే కలపండి. తగ్గుతూనే ఉంటే మళ్లీ నాకు రాయి.

రోజూ ట్రిప్పు అయ్యాక మంచినీళ్లతో కడగడం ఉంది కదా, అది రెండు నిమిషాల పని కాదు. ముందు నీళ్లు వదిలి తర్వాత స్టార్ట్ చేయాలి, ఆపేటప్పుడు ముందు ఇంజన్ ఆపి తర్వాత నీళ్లు. ఐడిల్‌లోనే, పది పదిహేను నిమిషాలు, ఇంజన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకునేదాకా. అది తెరుచుకోకపోతే ఇంజన్ లోపల ఉప్పు అలాగే ఉంటుంది. మీ బోరు నీళ్లు కూడా ఒకసారి రుచి చూసుకో, ఒడ్డున ఉన్న బోర్లు కొన్ని ఉప్పగా ఉంటాయి. కట్టేసి ఉంచేటప్పుడు డ్రైవ్ ఎప్పుడూ కిందికి దించే ఉంచండి, ఎత్తి ఉంచితే బెల్లోస్ సాగి ఉండి ఆ మడతలోనే చీరుతుంది.

రంభ ఒడ్డు:

సామాను లిస్టు మొత్తం రాసుకున్నాను, రేపు ఆర్డరు పెడుతున్నాను. సెల్ఫ్ మోటారు బోటుదే తెప్పిస్తాను. కడ్డీకి కొలతలు కావాలి, బలిమెల అన్నా, మీరు లేత్ షాపులో ఇచ్చిన కాగితం ఫోటో ఉంటే పెట్టండి. సీజన్ పది రోజులు ఆలస్యంగా మొదలుపెడదామని బావగారితో చెప్పాను, ఆయన సరేనన్నారు. ముందే డబ్బు కట్టినవాళ్లకి ఇవాళ ఫోన్లు చేసి వెనక్కి ఇచ్చేస్తున్నాం.

బలిమెల జలాశయం:

కాగితం ఉంది అన్నా, ఇంటికి వెళ్లాక రాత్రికి పెడతాను. మీరు దూరం నుంచి రానక్కర్లేదు కానీ కావాలంటే నా కడ్డీనే బస్సులో జయపురం దాకా పంపిస్తాను, అక్కడి నుంచి బరంపురం బస్సులో వేయించుకోండి. పని అయ్యాక తిరిగి పంపితే చాలు.